కరెంటు పోతూ వస్తూ ఉండే రోజులొస్తున్నాయి, బోర్డుల్లో కార్డులు కాపాడుకోండి

గాలివానల సీజన్ దగ్గర పడుతోంది, బయటెక్కడో డబ్బాలో పెట్టి వదిలేసిన గేట్‌వేలు (సెన్సర్ల డేటాని నెట్‌కి పంపేవి), డేటా లాగర్లు (రీడింగులు రాసుకునేవి), రాస్ప్‌బెర్రీ పైలు (చిన్న లినక్స్ కంప్యూటర్లు) లాంటి, ఎస్‌డీ మెమరీ కార్డు మీద నడిచే బోర్డులు ఉన్నవాళ్ళు ఈ పనులు ఇప్పుడే చేసేసుకోండి. కరెంటు ఒక్కసారి పోయి గంట తర్వాత రావడం పెద్ద ప్రమాదం కాదు, వచ్చి బోర్డు బూట్ అవుతుండగానే మళ్ళీ పోయి మళ్ళీ రావడం ఉంది చూడండి, అదీ కార్డుల్ని చంపేది, ఎందుకంటే బూట్ టైంలోనే జర్నల్ రీప్లే (సగంలో ఆగిన మార్పుల్ని ఫైల్ సిస్టమ్ తన చిట్టా చూసి సరిచేసుకోవడం), లాగ్‌లు, సర్వీసులు అన్నీ కలిసి తెగ రాస్తుంటాయి.

చాలామంది ముందు యూపీఎస్ కొంటారు. నన్నడిగితే అది ఆఖర్న చూసుకోవచ్చు, ముందు కార్డు మీద రాయడం తగ్గించండి.

కార్డులో ఉండే ఫ్లాష్ మెమరీలో ఉన్నచోటే చెరిపి రాయడం కుదరదు, ఒక బ్లాక్ మొత్తం చెరపాలి, అందుకని కార్డు లోపలి కంట్రోలర్ పాత డేటాని అటూఇటూ జరుపుతూ ఏది ఎక్కడుందో ఒక టేబుల్ రాసుకుంటుంది, సరిగ్గా అప్పుడు కరెంటు పోతే మీరు రాస్తున్న ఫైలే కాదు, నెలల తరబడి ముట్టుకోని ఫైలు కూడా పోవచ్చు. ఇదంతా లినక్స్‌కి కనపడదు. "నాది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, జర్నల్ ఉంది కదా" అనుకుంటే పొరపాటే, డిఫాల్ట్‌గా ఆ జర్నల్‌లోకి వెళ్ళేది మెటాడేటా (ఫైల్ పేరు, సైజు లాంటి వివరాలు) మాత్రమే, ఫైల్లోని విషయం కాదు.

కాబట్టి రూట్‌ని (సిస్టమ్ ఫైళ్ళుండే పార్టిషన్) రీడ్-ఓన్లీ చేసి పైన ఓవర్లే (మార్పుల్ని కార్డు మీద కాక ర్యామ్‌లో ఉంచే పొర) పెట్టండి (రాస్ప్‌బెర్రీ పైలో అయితే దాని సెట్టింగ్స్ టూల్ రాస్పీ-కాన్ఫిగ్‌లోనే ఆప్షన్ ఉంది). లాగ్‌లు టెంప్‌ఎఫ్‌ఎస్‌లోకి (ర్యామ్‌లో ఉండే ఫోల్డర్), స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు కార్డుని వాడుకోవడం) ఆఫ్, మౌంట్‌లో నోఎటైమ్ (ఫైల్ చదివిన ప్రతిసారీ టైం రాయకుండా). దాచాల్సిన డేటాకి వేరే పార్టిషన్ చాలనుకుంటారు కానీ అదే కార్డు మీద పార్టిషన్లు ఎన్ని చేసినా లోపల కంట్రోలర్ ఒక్కటే, వీలైతే డేటాకి వేరే చిప్పో వేరే కార్డో పెట్టండి.

కాన్ఫిగ్ ఫైల్‌ని నేరుగా ఓపెన్ చేసి దాని మీదే రాయొద్దు, కరెంటు వచ్చాక చూస్తే ఫైల్ ఉంటుంది, సైజు సున్నా. పక్కన కొత్త ఫైల్ రాసి, ఎఫ్‌సింక్ (ర్యామ్‌లో ఉన్నది ఇప్పుడే కార్డు మీదికి రాసెయ్యమనే కమాండ్) కొట్టి, దాన్ని పాత పేరుకి రీనేమ్ చేసి, ఆ డైరెక్టరీకి కూడా ఎఫ్‌సింక్ కొట్టాలి. ఎఫ్‌సింక్ లేకపోతే రాసింది ముప్పై సెకన్ల దాకా ర్యామ్‌లోనే కూర్చోవచ్చు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడితే వాల్ (WAL) మోడ్, అంటే మార్పుల్ని ముందు వేరే లాగ్‌లో రాసే పద్ధతి, బానే ఉంటుంది, కానీ సింక్రొనస్ అనే సెట్టింగ్ నార్మల్‌లో ఉంటే చివరి ట్రాన్సాక్షన్లు పోవచ్చు, అవి పోకూడదంటే ఫుల్ పెట్టండి.

మైక్రోకంట్రోలర్ వాళ్ళకి రెండే మాటలు: ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ బదులు కరెంటు పోయినా తట్టుకునే లిటిల్‌ఎఫ్‌ఎస్, బ్రౌనవుట్ డిటెక్టర్ (వోల్టేజ్ పడిపోతే చిప్‌ని రీసెట్ చేసేది) ఆన్.

ఇక పవర్ సంగతి. కరెంటు పోయాక కాసేపు నడిపించడానికి సూపర్ కెపాసిటర్ పెట్టేముందు లెక్క వేసుకోండి, 1 ఫారడ్ అనేది 5 వోల్టుల నుంచి 4కి దిగేలోపు ఇచ్చేది 4.5 జౌల్స్, 5 వాట్ల బోర్డుకి అది సెకను కూడా రాదు, షట్‌డౌన్ అయిపోవడానికి ఎక్కడ సరిపోతుంది! కరెంటు పోయిందన్న సిగ్నల్ కూడా రెగ్యులేటర్‌కి (బోర్డుకి 5 వోల్టులు తయారుచేసి ఇచ్చేది) ముందు, ఇన్‌పుట్ వైపు నుంచి తీసుకోవాలి, 5 వోల్టులు పడిపోవడం చూసి కదిలితే అప్పటికే ఆలస్యం. సిగ్నల్ రాగానే రాయడం ఆపేసి సింక్ చేస్తే చాలు, పూర్తి షట్‌డౌన్ కోసం పాకులాడక్కర్లేదు.

అన్నీ అయ్యాక ఒక రిలే (సిగ్నల్‌తో పనిచేసే స్విచ్) పెట్టి, డివైస్ బిజీగా రాస్తున్నప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు వందలసార్లు పవర్ కోసి చూడండి, బూట్ మధ్యలో కూడా కోయండి, ప్రతిసారీ ఫైళ్ళ చెక్‌సమ్ (ఫైల్లో ఏదైనా మారితే పట్టిచ్చే సంఖ్య) సరిచూడండి. అడాప్టర్ ప్లగ్ దగ్గర కోస్తే వోల్టేజ్ మెల్లగా దిగుతుంది, డీసీ వైపు కోస్తే టక్కున పడుతుంది, రెండూ చెయ్యాలి. పాసైన కార్డులే ఒకే లాట్‌లో కాస్త ఎక్కువ కొని పెట్టుకోండి, అదే పేరుతో తర్వాత కొన్నదాంట్లో కంట్రోలర్ మారిపోయి ఉండొచ్చు, అప్పుడు టెస్ట్ మళ్ళీ మొదటినుంచీ.