క్రూగర్‌లో కారు మనమే నడుపుకుంటూ సఫారీ: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కుకు వెళ్లే మనవాళ్లు నాకు చూపించే ప్లాన్లలో ఒకటే తప్పు: రోజుకు రెండొందల కిలోమీటర్లు. అది హైవే లెక్క.

1. నెల: జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. గడ్డి ఎండిపోతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి వస్తాయి. తెల్లవారుజామున చలి ఉంటుంది, స్వెట్టర్ పెట్టుకోండి. మలేరియా మందుల గురించి ముందే డాక్టర్‌ని అడగండి.

2. బస: పార్కు లోపలి క్యాంపుల్లోనే. బయట హోటళ్లు చవక అంటారు కానీ, మంచి పొద్దుటిపూటంతా గేటు క్యూలో పోతుంది. మొదటిసారైతే స్కుకుజా, లోయర్ సాబీ, సతారా చాలు. నెలల ముందే బుక్ చేయాలి.

3. కారు: మామూలు కారు సరిపోతుంది. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి.

4. రోజువారీ రూట్: అందరూ బోల్తా పడేది ఇక్కడే. తారురోడ్డు మీద పరిమితి గంటకు 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40. ఆగుతూ చూస్తూ వెళ్తే 20 దాటదు. సతారా నుంచి స్కుకుజా 90 కిలోమీటర్ల పైచిలుకు. ఫోన్‌లో మ్యాప్ రెండు గంటలంటుంది, నేను ఐదు వేసుకుంటాను. క్యాంపు గేటు జూన్, జులైల్లో సాయంత్రం 5:30కి మూసేస్తారు. ఆలస్యమైతే జరిమానా.

అందుకే గేటు టైమ్ నుంచి వెనక్కి లెక్కేయండి. చివరి గంట ఖాళీగా ఉంచండి. ఆ గంట ఏనుగుది.

ఒకసారి నేను దారిలోని చోక్వానే పిక్నిక్ స్థలంలో టీ తాగుతూ కూర్చుని, మూడున్నరకు స్కుకుజా బయల్దేరాను. 40 కిలోమీటర్లేగా అనుకున్నా. సగం దూరంలో రోడ్డు మధ్యలో మగ ఏనుగు. కణతల నుంచి నల్లగా మదం కారుతోంది, వెనక కాళ్లు తడిసి ఉన్నాయి. అది నడిచినంతసేపూ నేను రివర్స్‌లోనే ఉన్నాను. నా వెనక కారాయన హారన్! అలా అస్సలు చేయకూడదు. మదం కారుతుంటే, లేదా పిల్లలున్న గుంపైతే, దూరంగానే ఆగండి. ఇంజన్ ఆపొద్దు. వెనక్కి వెళ్లే దారి ఉందో లేదో చూసుకోండి. పక్కనుంచి దూరిపోదామని చూడొద్దు. తల్లికీ పిల్లకూ మధ్యలోకి అసలే వెళ్లొద్దు. గేటు మూసేస్తారనే టెన్షన్‌లో ఉన్నవాళ్లే ఈ పనులన్నీ చేస్తారు. ఆ రోజు నేను గేటు చేరేసరికి రెండు నిమిషాలే మిగిలాయి.

పొద్దున ఒక రూట్, మధ్యాహ్నం క్యాంపులో నిద్ర, మూడింటికి దగ్గర్లోనే చిన్న చుట్టు. లోయర్ సాబీలో ఉంటే సన్‌సెట్ డ్యామ్ పక్కనే: మొసళ్లు, హిప్పోలు, కారు కదపక్కర్లేదు.

5. తిండి: పులిహోర బాగుంటుంది. కానీ డబ్బా కారులోనే తెరిచి, అద్దాలు ఎత్తి తినండి. పిక్నిక్ స్థలాల్లో కోతులు మూత తీసేదాకా కూడా ఆగవు.