బెంగళూరులో అగ్నిమాపక వాలంటీరు కావడం ఎలా?

అమెరికాలోని చిన్న ఊళ్లలో రైతులు, మెకానిక్‌లు, బడిపంతుళ్లు కూడా పిలుపు రాగానే పని వదిలి ఫైరింజన్ ఎక్కుతారు. బెంగళూరులో ఆ ఏర్పాటు లేదు. ఇక్కడ మంటలార్పే పని రాష్ట్ర అగ్నిమాపక, అత్యవసర సేవల శాఖ ఉద్యోగులది. మనలాంటివాళ్లకు ఉన్న దారి సివిల్ డిఫెన్స్, అంటే పౌర రక్షణ దళం. 1968 నాటి చట్టం కింద నడిచే ఈ దళంలో అగ్నిమాపకం, రక్షణ, ప్రథమ చికిత్స లాంటి విభాగాలు ఉంటాయి. ఇది సేవ, జీతం ఆశించి వెళ్లకండి.

పేరు నమోదు

పద్దెనిమిదేళ్లు నిండినవారు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు మై భారత్ పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. హలసూరు చెరువు దగ్గరున్న సివిల్ డిఫెన్స్ కార్యాలయానికి గుర్తింపు కార్డుతో స్వయంగా వెళ్లి, శిక్షణ ఎప్పుడో అడిగి రావడం నాకు నచ్చిన పద్ధతి.

ముందు నాలుగు కన్నడ మాటలు

మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో ఆంధ్రా మెస్సు, తెలుగు పీజీల మధ్య పదేళ్లు గడిపినా కన్నడం అంటని వాళ్లం చాలామందిమి ఉన్నాం. ప్రమాదంలో అలా ఉంటే కుదరదు. ‘బెంకి’ అంటే నిప్పు. ‘దారి బిడి’ అంటే దారి వదలండి. పొగ నిండిన గది ముందు నిలబడి ‘ఒళగె యారాదరూ ఇద్దారా?’ అని అరవడం రావాలి. లోపల ఎవరైనా ఉన్నారా అని.

చేతికి అలవాటు చేసుకోవలసినవి

గోడకు వేలాడే, మంటలార్పే ఎర్ర సిలిండర్‌ను చాలామంది ఒక్కసారి కూడా ముట్టుకుని ఉండరు. పిన్ను లాగాలి, గొట్టాన్ని మంట పైకి కాక మొదట్లోకి గురిపెట్టాలి, మీట నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. చిన్న సిలిండర్ కొన్ని సెకన్లలోనే ఖాళీ అవుతుంది కనుక, బయటపడే దారి మీ వెనకే ఉండేలా నిలబడండి. బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్టవ్ ఆపి మూత పెట్టాలి. వంట గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు వేయనూ వద్దు, తీయనూ వద్దు. తలుపులు తెరిచి, బయటికి వచ్చాక గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కు ఫోను చేయండి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే రోజు బొంబాయి రేవులో పేలుడుకు బలైన సిబ్బంది జ్ఞాపకార్థం. ప్రదర్శనలు చూడటానికి అదే మంచి సమయం.

అసలు పని మీ మెట్ల మీదే

2010 ఫిబ్రవరి 23న పాత విమానాశ్రయం రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో 9 మంది చనిపోయారు. భవనంలో పొగ కమ్ముకోవడంతో కొందరు కిటికీల్లోంచి దూకారు. మంట కన్నా ముందు పొగ చంపుతుంది. అందుకే ఒక సాయంత్రం మీ పీజీ మెట్లన్నీ ఎక్కి దిగండి. మెట్ల కింద మీటర్ల పెట్టె పక్కనే పాత పరుపులు, చెప్పుల స్టాండు, ఛార్జింగ్ పెట్టిన స్కూటరు కనిపిస్తాయి. మేడ మీది తలుపుకు తాళం ఉంటుంది. యజమాని మన జిల్లావాడే అయినా మొహమాటపడకండి. ‘అన్నా, ఆ తాళం తీసేయించండి’ అని వారం వారం గుర్తుచేయడం కూడా సేవే, కాస్త విసుగు పుట్టించే సేవ.

మంట లేచిన రోజు

112కు గానీ 101కు గానీ ఫోను చేసి, కొండగుర్తుతో చిరునామా చెప్పండి. ఒకరిని సందు మొదట్లో నిలబెట్టండి. మా వీధిలో ఒకసారి ఫైరింజన్ నీళ్ల ట్యాంకర్ వెనక చిక్కుకుపోయింది! బండ్లు పక్కకు జరిపించండి, కరెంటు మెయిన్ స్విచ్ ఆపించండి, బయటికి వచ్చినవారిని గదులవారీగా లెక్కపెట్టండి. లోపలికి మాత్రం వెళ్లకండి. సిబ్బంది రాగానే ఎవరు కనిపించడం లేదో, ఏ అంతస్తో వారి అధికారికి చెప్పండి. ఆ తర్వాత గొట్టం పట్టుకోమంటే పట్టుకోవాలి, జనాన్ని వెనక్కి జరపమంటే జరపాలి. ఎక్కువగా రెండోదే చెబుతారు.