నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి: పండగ వంటలకు ముందు కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం అనంతపురంలో మాకు తెలిసిన ఒక ఇంట్లో కర్జికాయలు వేయిస్తుండగా బాణలిలో నూనె అంటుకుంది. పొయ్యి దగ్గరున్న కోడలు గ్యాసు ఆపేసి మూత కోసం పక్కకు తిరిగింది. ఆమె చేసింది సరైన పనే. అంతలో హాలులోంచి పరుగెత్తుకొచ్చిన మరిది చేతికందిన చెంబెడు నీళ్లు బాణలిలో కుమ్మరించాడు. మంట పైకప్పును తాకింది. ఇద్దరికీ ముఖం, చేతులు కాలాయి. చుట్టాలను పండక్కి పిలిచిన ఆ కుటుంబం ఇప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది.

క్రిస్మస్ మొదలుకొని సంక్రాంతి దాకా కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లలో పొయ్యి ఆరదు. ఒక వైపు కేకులు, ఇంకో వైపు అరిసెలు, కర్జికాయలు, నిప్పట్లు, మణుగుబూలు. ఇంటినిండా జనం. చేతులు కడుక్కోవడం, కత్తులు పిల్లలకు అందకుండా పెట్టడం లాంటివి ఎవరూ చెప్పనక్కరలేదు కాబట్టి వదిలేస్తున్నాను. నేను చూసినంతలో, తెలిసిన కుటుంబాలను ఏళ్ల తరబడి బాధపెట్టిన తప్పు ఒక్కటే. మండుతున్న నూనెలో నీళ్లు పోయడం.

నీళ్లు ఎందుకు పోయకూడదు

నూనె కంటే నీళ్లు బరువు. పోసిన నీళ్లు మంట మీద నిలవవు, నూనెను దాటి అడుగుకు దిగుతాయి. మంటంటుకున్న నూనె మూడు వందల డిగ్రీలకు పైనే ఉంటుంది, నీళ్లకు ఆవిరి కావడానికి వంద చాలు. అడుగుకు చేరిన నీళ్లు ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు పైనున్న నూనె తుంపరలుగా చిమ్ముతుంది. గాలిలోకి లేచిన ప్రతి తుంపరా మండుతుంది. బాణలిలో ఉన్న మంట గది అంతా పరుచుకుంటుంది. దీనికి బకెట్ నీళ్లు అక్కరలేదు, అర గ్లాసు చాలు. తడి చెయ్యి విదిలించినా ప్రమాదమే.

చేయవలసింది వరుసగా చెబుతాను. ముందు గ్యాసు ఆపండి. మంట దాటి చెయ్యి పెట్టాల్సి వస్తే పొయ్యిని వదిలేసి సిలిండర్ దగ్గరే ఆపండి. తర్వాత మూత. బాణలి కంటే వెడల్పైన స్టీలు మూతగానీ పళ్లెంగానీ మీ వైపు అంచు నుంచి అవతలి వైపుకు జరుపుతూ కప్పండి. అలా చేస్తే మంటకూ మీ ముఖానికీ మధ్య ఆ పళ్లెమే అడ్డు ఉంటుంది. గాజు మూత పనికిరాదు, ఆ వేడికి పగులుతుంది. కప్పాక కనీసం అరగంట దాకా తీయకండి. మంట కనిపించడం లేదని ఎత్తి చూస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది, ఎందుకంటే నూనె ఇంకా ఆ వేడి మీదే ఉంది.

మండే బాణలిని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తకండి. నడకకు నూనె తొణుకుతుంది, ఎదురుగాలికి మంట మోసేవాళ్ల మీదికే వస్తుంది. మా ప్రాంతంలో చాలా ఇళ్లకు బేతంచెర్ల బండల నేల. దాని మీద నాలుగు చుక్కల నూనె పడితే కాలు నిలవదు.

కేకులు చేసే ఇంట్లో ఇంకో ముప్పు ఉంది. పొయ్యి పక్కనే మైదా, చక్కెర పొడి గిన్నెల్లో సిద్ధంగా ఉంటాయి. కంగారులో మట్టి చల్లినట్టు మైదా చల్లేవాళ్లున్నారు. గాలిలోకి లేచిన పిండి భగ్గుమంటుంది. చక్కెర పొడీ అంతే. వంటసోడా చిన్న మంటను ఆర్పగలదు గానీ బాణలి నిండా లేచిన మంటకు చిన్న పొట్లం ఏ మూలకూ రాదు. మూతనే నమ్ముకోండి.

ఇప్పుడు అసలు మాట. ఇదంతా మీకు తెలిసినంత మాత్రాన సరిపోదు. అనంతపురం ఇంట్లో కోడలికి తెలుసు, మరిదికి తెలియదు. పండగనాడు మంట చూసి ముందుగా ఎవరు పరుగెత్తుకొస్తారో చెప్పలేం. హైదరాబాదు నుంచి వచ్చిన బావ కావచ్చు, పదో తరగతి చదివే పిల్లవాడు కావచ్చు, ఎనభై ఏళ్ల జేజి కావచ్చు. మంట కనబడితే నీళ్లు పోయాలని చిన్నప్పటి నుంచీ అందరికీ అలవాటైంది. కట్టెల మంటకు అది సరైనదే కాబట్టి ఆ అలవాటు చెయ్యి వదలదు. అందుకే చుట్టాలు దిగిన రోజే, కాఫీలు అయ్యాక, అందరినీ ఒకసారి వంటింట్లోకి పిలవండి. మూత ఎక్కడుందో చూపించండి. సిలిండర్ ఎలా ఆపాలో చూపించండి. "నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మూత వేయండి" అని పిల్లల చేత గట్టిగా అనిపించండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇంకో పని కూడా చేయండి. వేపుళ్లు మొదలుపెట్టే ముందు నీళ్ల బిందె, చెంబు, నీళ్ల సీసాలు పొయ్యి దరిదాపుల్లో లేకుండా తీసేయండి. కంగారులో మనిషి ఆలోచించడు, చేతికందింది అందుకుంటాడు. మూత ఎంత దగ్గరగా ఉండాలో నీళ్లు అంత దూరంగా ఉండాలి.

అంటుకోక ముందు

నూనె చెప్పకుండా అంటుకోదు. ముందు పలచగా, తర్వాత దట్టంగా పొగ వస్తుంది. వేపుడుకు 170 నుంచి 190 డిగ్రీల వేడి చాలు. గానుగ పట్టించిన వేరుసెనగ నూనె రిఫైన్డ్ నూనె కంటే చాలా ముందే పొగలు కక్కుతుంది. ఒకసారి వాడిన నూనె ఇంకా తొందరపడుతుంది. పొగ చూసి "బాగా కాగింది" అనుకోకండి, మంట తగ్గించండి. దట్టమైన పొగ అయితే పొయ్యి ఆపేయండి. నూనె కాగిందో లేదో చూడటానికి నీటి చుక్క వేయకండి, చిటికెడు పిండి వేయండి.

బాణలిలో నూనె మూడో వంతుకు మించకూడదు. అరిసెల పిండి పాకం మీద తడిగా ఉంటుంది, ఒకేసారి నాలుగు వేస్తే నూనె నురగ కట్టి అంచు దాటి పొయ్యి మీదికి కారుతుంది. కర్జికాయ అంచు సరిగా అతకకపోతే లోపలి పూర్ణం నూనెలో చెదిరి మాడుతుంది. ఉగ్గానిలోకి బజ్జీలు వేసేటప్పుడు మిరపకాయను నిలువునా చీల్చండి, చీల్చని కాయ లోపలి ఆవిరికి పేలి నూనె చిమ్ముతుంది.

ఎక్కువ మోతాదుకు పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెడతారు. పల్లెల్లో ఆ పెరట్లోనే వేరుసెనగ కట్టె వామి ఉంటుంది. గాలి పొయ్యి మీదుగా వామి వైపు వీచే చోట పొయ్యి పెట్టకండి, ఎంత దూరమైనా సరే. కట్టెల పొయ్యిని తిప్పి ఆపలేం కాబట్టి అక్కడ ఇసుక బకెట్ ఉండాలి, కింద ఒలికి మండే నూనె మీద వేయడానికి. బాణలికి మాత్రం అక్కడా మూతే.

కేకు, ఓవెన్

1,500 వాట్ల ఓవెన్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. గోడకుండే చిన్న ప్లగ్గు తట్టుకునేది ఆరే. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గుకే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. సీరియల్ లైట్లకు పెట్టిన బాక్సు అసలే వద్దు.

కుక్కర్లో కేకు చేసేవాళ్లు రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. ఓవెన్లోంచి తీసిన గాజు పాత్రను తడి ఆరని కడప బండ మీద నేరుగా పెట్టకండి, చల్లదనానికి ఒక్కసారిగా పగులుతుంది. మందపాటి పొడి గుడ్డ పరిచి పెట్టండి. ఓవెన్ లోపల మంట లేస్తే స్విచ్చి ఆపి తలుపు మూసే ఉంచండి. తెరవకండి. నీళ్లు పోయకండి.

ఇక మిగిలినవి

పొయ్యి దగ్గరున్న మనిషి గుమ్మం దగ్గరికి వెళ్లాలంటే గ్యాసు ఆపి వెళ్లాలి. ఎంత ముఖ్యమైన చుట్టమైనా సరే.

ఫోను మాట్లాడుతూ వేయించకండి.

నైలాను నైటీ, జారే కొంగు పొయ్యి దగ్గరికి రాకూడదు. నూలు బట్ట కట్టుకోండి, కొంగు దోపండి.

సిలిండర్ మార్చేటప్పుడు వంటింటి మూలనున్న దేవుడి దీపం కూడా కొండెక్కించండి. ఆ దీపాన్ని చాలామంది మరిచిపోతారు.

గ్యాసు గాలి కంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది. వాసన వస్తే కిటికీతో పాటు తలుపులు బార్లా తెరవండి. ఏ స్విచ్చీ ముట్టుకోకండి, వేయడానికీ ఆపడానికీ కూడా. బయటికి వెళ్లి 1906కు ఫోను చేయండి.

గ్యాసు గొట్టం మార్చి అయిదేళ్లయిందా? పండక్కి ముందే మార్పించండి.

కాగిన నూనెను అదే రోజు డబ్బాలోకి వంచకండి. చల్లారనివ్వండి.

వేడి నూనె బాణలిని నేల మీద పెట్టకండి. పాకే పిల్లలున్న ఇంట్లో అసలు పెట్టకండి.

అయిదేళ్ల లోపు పిల్లలకు వేరుసెనగ గింజలు, పప్పు చిక్కీ ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడతాయి.

క్రీము కేకు రెండు గంటలకు మించి బయట ఉంచకండి. రాత్రి బయట మిగిలిన చిత్రాన్నం పొద్దున పిల్లలకు పెట్టకండి.

ఒంటి మీద బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడుకుని దొర్లాలి. ఇంట్లో గొర్రె ఉన్ని కంబళి ఉంటే చుట్టండి, ఉన్ని సులువుగా అంటుకోదు.

ఒళ్లు కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయండి. కుళాయి రాని వేళయితే చెంబుతో ఆపకుండా పోస్తూ ఉండండి. నీళ్లు ఒంటికి, నూనెకు కాదు. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ పూయకండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. పొక్కులు చిదమకండి. ముఖం, చేతులు కాలితే గాయం చిన్నదైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108.

మంట మూతకు లొంగకపోతే, లేదా పైకప్పుకో అల్మారాకో పాకితే, ఆర్పాలని నిలబడకండి. అందరినీ బయటికి పంపి వంటింటి తలుపు మూయండి. 101కు ఫోను చేయండి. సామాన్ల కోసం వెనక్కి వెళ్లకండి. మళ్లీ చెబుతున్నాను, ఆ తలుపు మూసేటప్పుడు కూడా లోపలికి నీళ్లు విసరకండి.

పొయ్యి ఆపేశాక, బాణలి చల్లారేదాకా వంటింట్లో ఒక పెద్దమనిషి కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారో వంట మొదలుపెట్టక ముందే తేల్చుకోండి.