కమొడోర్ 64 మీద పాత డెమో సరిగా నడవకపోతే: సమస్య - పరిష్కారం

1980ల ఇంటి కంప్యూటరు కమొడోర్ 64 మీద ఆటలో ఒక సైకిల్ (ప్రాసెసరు గడియారపు ఒక్క టిక్కు) అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. డెమో అంటే బొమ్మలూ పాటలతో యంత్రం సత్తా చూపించడానికి రాసిన ప్రోగ్రాము, అది అలా కాదు. 1980ల ఐరోపాలో, కాపీ రక్షణ విప్పిన ఆటల ముందు క్రాకర్లు అతికించిన పరిచయ తెరల నుంచి ఈ డెమోలు పుట్టాయి. రాసినవాళ్ళు యంత్రాన్ని సైకిళ్ళతో సహా కొలిచి, ఆ లెక్క మీదే కోడు కట్టారు. ఆట బాగా ఆడుతూ డెమో ఒక్కటే చెడితే ఫైలు పాడైందనుకోవడం తొందరపాటు. ఏ లెక్క తప్పిందో ముందు చూడాలి: టీవీ ప్రమాణమా, సౌండు చిప్పా, డిస్క్ డ్రైవా?

ఏది చూసినా అంతకంటే ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి.

స్విచ్ వేయకముందే: పవర్ బ్రిక్

కమొడోర్ 64తో వచ్చిన అసలు పవర్ బ్రిక్ (కరెంటు అడాప్టరు) లోపల ఎపాక్సీ పోసి మూసేసి ఉంటుంది. వేడి బయటికి పోదు, లోపలి 5 వోల్టుల రెగ్యులేటర్ మెల్లగా చెడుతుంది. చెడినప్పుడు వోల్టేజీ తగ్గితే మన అదృష్టం. చాలాసార్లు పెరుగుతుంది. పెరిగిందంటే ముందు పోయేవి మెమరీ చిప్పులు.

ప్లగ్గును యంత్రానికి పెట్టకుండా మల్టీమీటర్ డీసీలో ఉంచి 5వ పిన్నుకూ 2వ పిన్నుకూ మధ్య కొలవండి. 4.75 నుంచి 5.25 వోల్టుల లోపు ఉండాలి. తర్వాత మీటరును ఏసీకి మార్చి 6, 7 పిన్నుల మధ్య చూడండి. అక్కడ 9 వోల్టులకు కాస్త పైన కనిపిస్తుంది, లోడ్ లేదు కాబట్టి అది మామూలే. 5 వోల్టుల లైను 5.25 దాటితే ఆ బ్రిక్‌ను పక్కన పడేయండి. దాటకపోయినా నమ్మేయకండి, ఈరోజు సరిగా ఉన్నది రేపు అరగంట వేడెక్కాక ఎగరొచ్చు. కొత్త సరఫరా కొనుక్కోవడమో, వోల్టేజీ పెరిగితే లైను తెంపేసే చిన్న రక్షణ బోర్డు మధ్యలో పెట్టుకోవడమో చేయాలి. ఈ ఖర్చు దగ్గర పిసినారితనం పనికిరాదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యంత్రమైతే ఇంకో మెలిక ఉంది. బ్రిక్ 120 వోల్టులది. 1541 డిస్క్ డ్రైవుకు బ్రిక్ ఉండదు, దాని ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉంటుంది. అందుకే బ్రిక్ మార్చామన్న ధైర్యంతో డ్రైవును నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గుకు పెడితే అది కాలిపోతుంది. దానికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. స్టెప్ డౌన్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన దగ్గర కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, గంటలకొద్దీ వదిలేయకండి.

ఎర్రలైటు వెలుగుతుంది, తెర నల్లగా ఉంటుంది

లైటుకు కావలసింది 5 వోల్టులే. అది వెలిగినంత మాత్రాన 9 వోల్టుల ఏసీ ఉన్నట్టు కాదు. బోర్డు మీది 1.5 ఆంపియర్ల గాజు ఫ్యూజు తీసి కంటిన్యుటీ చూడండి. పాత పొడవాటి బోర్డుల్లో వీడియో చిప్పుకూ గడియారానికీ కరెంటు ఈ 9 వోల్టుల నుంచే తయారవుతుంది, అందుకే ఫ్యూజు పోతే తెరే రాదు. చివరి పొట్టి బోర్డులో తెర వస్తుంది, శబ్దం మాత్రం ఉండదు.

ఫ్యూజు బాగుంటే అనుమానం పీఎల్‌ఏ చిప్పు మీదికి పోతుంది. మెమరీలో ఏ భాగం ఎవరికి కనిపించాలో నిర్ణయించేది అదే, ఎక్కువగా చచ్చేదీ అదే. తర్వాతి వరుసలో 4164 మెమరీ చిప్పులు, 8 ఉంటాయి. ఆన్ చేసిన నిమిషానికి వేలితో ఒక్కొక్కటీ తాకి చూడండి. ఒకటి మిగతావాటికంటే చురుక్కుమంటే అదే దొంగ. వెనక పోర్టులో గుచ్చి చిప్పులను పరీక్షించే డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జ్ దొరికితే ఊహతో పని లేదు. మెమరీ పాడైతే తెర మినుకుతుంది, ఎన్నిసార్లు మినికిందన్నది ఏ చిప్పో చెబుతుంది.

చాలామంది ముందు కెపాసిటర్లన్నీ మార్చేస్తారు. ఈ యంత్రంలో నల్ల తెరకు అవి కారణం కావడం అరుదు. సోల్డరింగ్‌లో బోర్డు ట్రాకులు లేపేసుకోవడమే మిగులుతుంది.

తెర వచ్చింది, డెమో మాత్రం చారలు చారలుగా వణుకుతోంది, లేదా మొదటి భాగంలోనే ఆగిపోతోంది

ఇది అసలైన డెమో జబ్బు. బేసిక్ తెర మీద ప్రింట్ పీక్ అని, బ్రాకెట్లలో 678 రాసి రిటర్న్ నొక్కండి. 1 వస్తే ఐరోపా టీవీ ప్రమాణమైన పాల్ యంత్రం, 0 వస్తే అమెరికా ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీ.

పాల్ వీడియో చిప్పు 6569 ఒక ఫ్రేముకు (తెర మీద ఒక పూర్తి బొమ్మకు) 312 లైన్లు గీస్తుంది, లైనుకు 63 సైకిళ్ళు. మొత్తం 19,656. ఎన్‌టీఎస్‌సీ 6567లో 263 లైన్లు, లైనుకు 65 సైకిళ్ళు. మొత్తం 17,095. అంటే ఫ్రేముకు రెండున్నర వేల సైకిళ్ళు తక్కువ. డెమోల్లో అధికభాగం ఐరోపావి, పాల్‌కు రాసినవి. ప్రతి ఫ్రేములోనూ పని పూర్తికాకముందే తర్వాతి ఫ్రేము మొదలైపోతే కోడు తన మీద తానే పడుతుంది.

ఏ భాగం చెడిందో చూసి కూడా ఇది కనిపెట్టొచ్చు. పైనా కిందా అంచులు తెరవడం తేలిక. 25 వరుసల పద్ధతిలో కింది అంచు 251వ లైను దగ్గర మొదలవుతుంది, 24 వరుసల్లో 247 దగ్గర. 248కీ 250కీ మధ్య 53265 రిజిస్టర్లో (చిప్పు సెట్టింగు ఉండే అరలో) 25ను 24కు మారిస్తే చిప్పు రెండు గుర్తులూ దాటేసి అంచు వేయడం మర్చిపోతుంది. మూడు లైన్ల వెసులుబాటు ఉంది కాబట్టి ఇది ఎన్‌టీఎస్‌సీలోనూ బతికిపోతుంది. పక్క అంచులు అలా కావు. 53270 రిజిస్టర్లో 40 నిలువు వరుసలను 38కి మార్చే పని ప్రతి లైనులోనూ సరిగ్గా ఆ సైకిల్ మీదే జరగాలి. లైనుకు రెండు సైకిళ్ళు అదనంగా ఉంటే, లైను లైనుకీ తప్పు పేరుకుంటూ పోతుంది. పైకిందలు తెరుచుకుని పక్కలు మెట్లమెట్లుగా చిరిగితే ఎన్‌టీఎస్‌సీ అని చూడకుండానే చెప్పేయొచ్చు.

పరిష్కారం: పాల్ యంత్రమో, దాన్ని నేటి కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటరో, లేదంటే ఆ డెమోకు ఎవరైనా చేసిన ఎన్‌టీఎస్‌సీ సవరణో. వీడియో చిప్పు ఒక్కటే మారిస్తే చాలదు, క్రిస్టల్ కూడా మార్చాలి, బోర్డు మీది జంపరు కూడా చూసుకోవాలి. అర్జెంటీనాలో తయారైన డ్రీన్ 64 ఇక్కడ ప్రత్యేకంగా మోసం చేస్తుంది. 312 లైన్లు ఉంటాయి కానీ లైనుకు 65 సైకిళ్ళు.

యంత్రం పాల్ రకమే, అయినా వణుకుతోందా? కార్ట్రిడ్జ్ పోర్టులో ఉన్నవన్నీ పీకేయండి. యాక్షన్ రీప్లేలాంటివి ఇంటరప్టుల్లో (ప్రాసెసరును మధ్యలో ఆపి వేరే పనికి పిలిచే సంకేతాల్లో) తలదూరుస్తాయి. డిస్కు వేగం పెంచే జిఫీడాస్ రోము పెట్టుకుంటే స్విచ్‌తో పాత రోముకు మారండి.

అన్నట్టు, అంచులు రంగురంగులుగా మెరుస్తూ నిమిషం దాకా ఏమీ జరగకపోతే అది చెడిపోవడం కాదు. పాత డెమోలు కుదించిన కోడును అలాగే విప్పుకుంటాయి. రీసెట్ నొక్కకుండా ఆగండి.

ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు మధ్యలో కూలిపోతుంది

తెరనంతటినీ ఒక్క దెబ్బతో పక్కకు జరిపే వీఎస్‌పీ అనే కిటుకు వాడిన డెమోల్లో ఇది మామూలు. వీడియో చిప్పు అక్షరాలు తెచ్చుకునే పనిని లైను మధ్యలో బలవంతంగా మొదలుపెట్టించడమే ఆ కిటుకు. కొన్ని యంత్రాల్లో ఆ క్షణంలో మెమరీకి అందే చిరునామా తడబడి, వేర్వేరు అరల్లోని విలువలు కలగలిసిపోతాయి. 8తో భాగిస్తే శేషం 7 వచ్చే చిరునామాలే దెబ్బతింటాయి. లీనస్ ఓకెసన్ 2013లో దీని గుట్టు విప్పేదాకా ఇది యంత్రం చాదస్తంగానే చలామణి అయింది.

చిప్పు ఏదీ పాడవలేదు కాబట్టి మార్చడానికి ఏమీ లేదు. స్విచ్ ఆపి, కొన్ని క్షణాలాగి వేయండి. ఆన్ అయ్యే క్షణాన్ని బట్టి లోపలి గడియారాల పొంతన మారుతుంది, నాలుగైదు ప్రయత్నాల్లో మంచి పొంతన కుదరొచ్చు. వేడెక్కాక కుదిరే యంత్రాలూ ఉన్నాయి, చల్లగా ఉన్నప్పుడే కుదిరేవీ ఉన్నాయి. మీది ఏ రకమో రెండు మూడు రోజులు చూస్తే తెలుస్తుంది.

బొమ్మ బాగుంది, పాట తేడాగా ఉంది

పాట హుషారుగా పరుగెడుతుంటే అది ఎన్‌టీఎస్‌సీ. పాట వాయించే కోడును ఫ్రేముకొకసారి పిలుస్తారు కాబట్టి 50 బదులు 60 సార్లు నడిచి 20 శాతం వేగం పెరుగుతుంది. శ్రుతి కూడా 4 శాతం దాకా ఎక్కుతుంది.

వేగం సరిగానే ఉండి, మాటలు, డ్రమ్ములు లోగొంతుకలో వినిపిస్తే సౌండు చిప్పు కొత్త రకం 8580 అన్నమాట. పాత 6581లో వాల్యూమ్ రిజిస్టర్ మార్చినప్పుడల్లా చిన్న టిక్కు వస్తుంది. నిజానికి అది డిజైన్ లోపం. 54296లో ఆ టిక్కులను వేగంగా పేర్చి 4 బిట్ల రికార్డింగులు వినిపించడం డెమోవాళ్ళు నేర్చారు. 8580లో ఆ లోపాన్ని సరిదిద్దారు, దాంతో ఆ గొంతులూ పోయాయి. సౌండు చిప్పు 26వ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 330 కిలోఓముల రెసిస్టర్ సోల్డర్ చేస్తే చాలావరకు తిరిగి వస్తాయి. కాస్త గుర్రుమనే శబ్దం ఎక్కువవుతుంది, అది భరించాలి.

చిప్పు మార్చాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. 6581కి 12 వోల్టులు, 8580కి 9. 12 వోల్టుల బోర్డులో 8580 పెడితే అది అక్కడికక్కడే పోతుంది. 28వ పిన్ను దగ్గర మీటరు పెట్టి చూసుకున్నాకే చిప్పు గుచ్చండి. ఫిల్టర్ కెపాసిటర్లు కూడా వేరు. 1, 2 పిన్నుల మధ్య ఒకటి, 3, 4 మధ్య ఒకటి ఉంటాయి. 6581కి 470 పికోఫారడ్లు, 8580కి 22 నానోఫారడ్లు.

ఫిల్టరుతో చేసిన బేస్ మాత్రమే మూగగానో బొంగురుగానో ఉంటే దానికి మందు లేదు. ఏ రెండు 6581 చిప్పుల ఫిల్టర్లూ ఒకేలా ఉండవు. స్వరకర్త తన దగ్గరున్న చిప్పుకు చెవి పెట్టి కూర్చిన పాట అది.

లోడింగ్ మొదలై ఆగిపోతుంది

1541 డ్రైవు తానే ఒక కంప్యూటరు. లోపల 6502 ప్రాసెసరు, 2 కిలోబైట్ల మెమరీ ఉంటాయి. పాట, బొమ్మ ఆగకుండా తర్వాతి భాగం లోడ్ కావడానికి డెమోలు తమ సొంత కోడును డ్రైవులోకి పంపి అక్కడే నడిపిస్తాయి. అందుకే మెమరీ కార్డుతో పనిచేసే ఎస్‌డీ2ఐఈసీ లాంటి చవక పరికరాల మీద ఆటలు నడిచి డెమోలు ఆగిపోతాయి. వాటిలో 6502 లేదు. తెలిసిన కొన్ని లోడర్లను మాత్రం గుర్తుపట్టి సర్దుకుంటాయి. అసలు 1541 లేకపోతే డ్రైవును సైకిల్‌తో సహా అనుకరించే పై1541 కానీ అల్టిమేట్ కార్ట్రిడ్జ్ కానీ కావాలి.

అసలు డ్రైవే ఉండి ఆగితే, సీరియల్ తీగకు తగిలించిన రెండో డ్రైవునూ ప్రింటరునూ విప్పేయండి. స్విచ్ ఆపితే చాలదు, తీగ తీయాలి. డ్రైవు నంబరు 8 ఉండాలి.

ఎర్రలైటు మినుకుతుంటే డ్రైవు తన తప్పు సంఖ్యను చెప్పే ఎర్రర్ చానెల్ చదవండి. 21 వస్తే డిస్కు మీద గుర్తులే కనబడటం లేదు: ఫార్మాట్ కాలేదు, లేదా హెడ్డు దారి తప్పింది. 23, 27 అయితే చదివింది లెక్కకు సరిపోలేదు. ముందు హెడ్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూది పుల్లతో తుడవండి, ఆరనివ్వండి, అప్పుడు మళ్ళీ చూడండి. హెడ్డు సర్దే స్క్రూల జోలికి చివరికి పోవాలి, మొదట కాదు. డిస్కులు డీడీ (డబుల్ డెన్సిటీ) రకమే కొనండి. హెచ్‌డీ (హై డెన్సిటీ) డిస్కు పూతను అయస్కాంతీకరించే బలం ఈ హెడ్డుకు లేదు. రాసినట్టే ఉంటుంది, వారానికి చెరిగిపోతుంది.

ఇమేజీ (డిస్కు నకలు ఫైలు) నుంచి డిస్కుకు రాసేటప్పుడు ఫైలు సైజు చూడండి. 1,74,848 బైట్లయితే 35 ట్రాకులు. 1,96,608 అయితే 40. మీ రాసే ప్రోగ్రాము 35 దగ్గర ఆపేస్తే డెమో చివరి భాగం ఎప్పటికీ రాదు.

యంత్రం లేకుండా వైస్ ఎమ్యులేటర్లో

తెలుగునాట ఈ డెమోలు చూడాలనుకునేవాళ్ళలో ఎక్కువమందికి ఇదే దారి. పాత ఎక్స్64 వాడొద్దు, ఎక్స్64ఎస్‌సీ తెరవండి. అది సైకిల్ సైకిల్‌కూ లెక్క చూస్తుంది. మోడల్ పాల్, ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్ ఆన్, వర్చువల్ డివైస్ ఆఫ్. సౌండు చిప్పు ఏదో డెమోతో వచ్చిన నోట్‌లో ఉంటే అదే పెట్టండి, లేకపోతే పాతవాటికి ముందు 6581తో వినండి. రెండో వైపు డిస్కు అడిగినప్పుడు రీసెట్ చేయకుండా 8వ డ్రైవుకు కొత్త ఇమేజీ తగిలిస్తే చాలు.

అన్నీ సరిగ్గా ఉండి అక్షరాల వరుస మాత్రం కుదుపులతో జరుగుతుంటే తప్పు మానిటరుది. పాల్ యంత్రం సెకనుకు 50.12 ఫ్రేములు ఇస్తుంది. మానిటరు 60 చూపిస్తుంటే ప్రతి అయిదు ఫ్రేముల్లో ఒకదాన్ని రెండుసార్లు చూపించాల్సి వస్తుంది, ఆ కుదుపే కంటికి తగులుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 50 లేదా 100 హెర్ట్జ్ ఉందేమో చూసి మార్చండి.