ఫ్లూ గ్రాఫులో చివరి వారాన్ని నమ్మకండి

ఫ్లూ రోగుల కోసం తెరిచిన అదనపు వార్డును గత సీజనులో ఒక ఆసుపత్రి మూసేసింది. వారపు నివేదికలో గీత కిందికి వంగింది, జబ్బు తగ్గుముఖం పట్టిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పది రోజులు తిరగకముందే వరండాలో మంచాలు వేయాల్సి వచ్చింది. తర్వాతి వారం వచ్చిన గ్రాఫును పాతదాని పక్కన పెట్టి చూశాను. మొదటి కాగితంలో గీత వంగిన చోటే, రెండో కాగితంలో అది నిట్టనిలువుగా లేచి ఉంది. తగ్గింది జబ్బు కాదు, అందిన నివేదికలు.

కొత్త సీజను ముంగిట నిలబడి ఉన్నాం. చేతులు కడుక్కోవడం, దగ్గేటప్పుడు నోటికి అడ్డు పెట్టుకోవడం అందరికీ తెలిసినవే. దేశమంతటి లెక్కలు పోగుచేసేవారికీ, వాటిని చూసి నిర్ణయాలు తీసుకునేవారికీ ఇది రాస్తున్నాను.

జ్వరం వచ్చిన రోజే ఎవరూ ఆసుపత్రికి రారు. వచ్చాక నమూనా తీయాలి, అది ల్యాబుకు చేరాలి, ఫలితం రావాలి, ఎవరో ఒకరు దాన్ని నమోదు చేయాలి. మధ్యలో పండగ సెలవులు వస్తే అంతా మరో వారం వెనక్కి పోతుంది. 100 ఆరోగ్య కేంద్రాలకు 60 మాత్రమే లెక్కలు పంపితే, జబ్బు పెరుగుతున్నా అంకె తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే చివరి వారం పడిపోయినట్టు కనిపిస్తే నమ్మకండి. రెండు వారాలు ఆగి, అదే వారాన్ని మళ్లీ చూడండి.

ఇక లెక్కల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దగ్గు ఉండి, జబ్బు మొదలై 10 రోజులు దాటకపోతే అది ఫ్లూ లాంటి జబ్బు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే తీవ్ర శ్వాసకోశ ఇన్ఫెక్షన్ కింద రాయాలి. సీజను మధ్యలో ఈ నిర్వచనాన్ని సడలించకండి. పాజిటివ్ కేసుల సంఖ్య ఒక్కటే చూడకండి, పరీక్షలు పెంచితే అదీ పెరుగుతుంది. పరీక్షించిన నమూనాల్లో ఎంత శాతం పాజిటివ్ అన్నది చూడండి.

ఇంటర్నెట్‌లో జనం వెతికే మాటలను బట్టి ఫ్లూను అంచనా వేయడానికి గూగుల్ 2008లో ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. 2012-13 సీజనులో అది జబ్బును ఉన్నదానికంటే చాలా ఎక్కువ చేసి చూపింది. నమూనా తీసి పరీక్షించడానికి అది ప్రత్యామ్నాయం కాదు.

మిగిలినవి వరుసగా చెబుతాను.

దేశం మొత్తం సగటు చూసి ఊరుకోకండి. ఒక ప్రాంతంలో తగ్గుతున్నప్పుడే మరో ప్రాంతంలో ఎగబాకుతుంది, సగటులో రెండూ కనిపించవు.

మామూలు స్థాయిని లెక్కగట్టేటప్పుడు 2020-21ను కలపకండి. ఆ ఏడాది ప్రపంచమంతటా ఫ్లూ దాదాపు కనిపించలేదు. దాన్ని కలిపితే మామూలు సీజను కూడా ఉపద్రవంలా కనిపిస్తుంది.

ఫ్లూ వైరస్‌లో ఒక రకమైన ఇన్‌ఫ్లుయెంజా ఎ అని తేలి, అందులో ఏ ఉపరకమో తేలని నమూనాను ఫ్రీజర్‌లో పడేసి మరిచిపోకండి. వెంటనే జాతీయ ల్యాబుకు పంపండి. మనిషిలో కొత్త ఉపరకం బయటపడితే, అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం దేశం 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలి.

టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. గీత లేచేదాకా ఆగకండి.

వృద్ధులకు, గర్భిణులకు, దీర్ఘకాలిక జబ్బులున్నవారికి పరీక్ష ఫలితం వచ్చేదాకా మందు ఇవ్వకుండా ఆగకండి. ఫ్లూ వైరస్‌ను అణిచే మందు ఒసెల్టామివిర్‌ను లక్షణాలు మొదలైన 48 గంటల్లో ఇస్తేనే ఎక్కువ మేలు.

చివరి రెండు వారాలను గ్రాఫులో చుక్కల గీతగా వేయండి. ఎన్ని కేంద్రాలు లెక్కలు పంపాయో పక్కనే రాయండి.

గీత వంగిందని వార్డు మూయకండి. మళ్లీ చెబుతున్నాను, మూయకండి.

గడువు సాయంత్రానికి లెక్క రాని ప్రతి కేంద్రానికీ ఫోను చేయండి. కేసులు లేకపోతే సున్నా అని రాసి పంపమనండి. ఖాళీ గడిని సున్నాగా లెక్కగట్టకండి.