బిచిర్ ఒంటి మీద మచ్చలా? మందు పోసే ముందు సక్కర్‌ని చూడండి

"నాచు తింటుందని షాపులో ఒక సక్కర్ ఫిష్ కూడా అంటగట్టారు, ఇప్పుడు బిచిర్ ఒంటి మీద మచ్చలు వస్తున్నాయి, ఏ మందు వాడాలి?" బిచిర్, అంటే ట్యాంక్ అడుగున ఉండే పొడుగాటి ఆఫ్రికా చేపని పెంచేవాళ్ళు ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. మందు సంగతి తర్వాత. లైట్లు ఆపిన గంట తర్వాత టార్చి పట్టుకుని ట్యాంక్ ముందు కూర్చున్నారా? అడిగినవాళ్ళలో దాదాపు ఎవరూ కూర్చోలేదు. ముందు ఆ పని చేసి రండి.

లక్షణం: రంగు వెలిసిన మచ్చలు

వీపు మీదో పక్కనో రూపాయి బిళ్ళంత మేర పాలిపోతుంది. అక్కడ జిగురు పోయి పొలుసు పొడిబారినట్టు, గరుకుగా కనిపిస్తుంది, ముదిరితే ఎర్రబడుతుంది. చేప మాత్రం తిండి మామూలుగానే తింటుంది. ఒకటి మానేలోపు ఇంకోచోట ఇంకోటి వస్తుంది.

నా సెనెగల్ బిచిర్‌కి ఇలాగే వచ్చినప్పుడు నేను అదే ట్యాంక్‌లో ఉన్న డెల్హెజీని (ఇంకో రకం బిచిర్) అనుమానించాను. మధ్యలో అడ్డు పెట్టి రెండింటినీ విడదీశాను, మచ్చలు ఆగలేదు. ఫంగస్ అనుకుని మూడు వారాలు మందు పోశాను, దాంతో నీళ్ళు పాడయ్యాయి తప్ప మచ్చలు తగ్గలేదు. ఒక రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచి, ఊరికే ఫోన్ టార్చి వేసి చూస్తే, కడుపు నిండా రొయ్య ముక్కలు తిని కదలకుండా పడుకున్న బిచిర్ పక్కకి సక్కర్ అతుక్కుని ఉంది. నోరు బిళ్ళలా పరుచుకుని, అంగుళం అంగుళం జరుగుతూ గీకుతోంది. బిచిర్ ఒకసారి తోక విదిల్చింది, సక్కర్ అరడుగు పక్కకి పోయి మళ్ళీ వచ్చి అక్కడే కరుచుకుంది. పగలంతా చెక్క వెనక బుద్ధిగా కూర్చునే చేప అది, అందుకే దాని మీద నాకు అనుమానమే రాలేదు.

చేప ఒంటి మీది జిగురులో మాంసకృత్తులు ఉంటాయి, దాని రుచి మరిగిన సక్కర్ నాచు మొహం చూడదు. చురుగ్గా ఈదే చేపలు దానికి దొరకవు, అడుగున గంటల తరబడి కదలకుండా ఉండే బిచిర్ మాత్రం దొరుకుతుంది. "బిచిర్ పొలుసులు గట్టివి కదా, ఏమవుతుంది" అంటారు. పొలుసు గట్టిదే, కానీ సూక్ష్మక్రిములు లోపలికి పోకుండా ఆపేది దాని మీదున్న జిగురు. రెండంగుళాల పిల్లగా కొన్న సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది, అంత ఒంటికి అద్దం మీది నాచు ఏ మూలకి సరిపోతుంది? రోజూ కీరా ముక్కలు వేసి చూశాను. గీకడం తగ్గింది, ఆగలేదు. ఆల్గీ ఈటర్ పేరుతో అమ్మే పసుపు రంగు చైనీస్ రకం కూడా పెద్దదయ్యాక ఇదే పని చేస్తుంది.

పరిష్కారం: సక్కర్‌ని ఆ రోజే తీసేయండి. షాపుకి తిరిగి ఇవ్వండి, లేదా ఒక్కదాన్నే వేరే ట్యాంక్‌లో పెంచండి. దయచేసి చెరువులోనో కాలవలోనో వదలొద్దు, ఇప్పటికే మన చెరువుల్లో ఇవి పెరిగిపోయి జాలర్ల వలలు చింపేస్తున్నాయి. తర్వాత రెండు వారాలపాటు, మూడు రోజులకోసారి క్లోరిన్ తీసిన నీటితో 30 శాతం నీళ్ళు మార్చండి. నీలం మందు (మిథిలీన్ బ్లూ) జోలికి పోవద్దు, ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది. ఎరుపు పాకుతున్నా, దూది లాంటిది మొలిచినా అప్పుడు వేరే ట్యాంక్‌లో పెట్టి వైద్యం చేయండి. నా చేపకి మూడో వారానికల్లా రంగు తిరిగొచ్చింది.

మచ్చలకి వేరే కారణాలూ ఉండొచ్చు. ఫారంలో పెంచింది కాకుండా నదిలో పట్టి తెచ్చిన చేప ఒళ్ళు రాసుకుంటూ, వెంట్రుకంత సన్నటి పురుగులు కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వాడాలి. చేపలన్నీ నీరసపడితే నీళ్ళకి అమోనియా టెస్ట్ చేయండి. బిచిర్ పైకొచ్చి గాలి మింగి పోవడం మాత్రం జబ్బు కాదు, దానికి ఊపిరితిత్తులున్నాయి, టెన్షన్ పడొద్దు.

లక్షణం: నాచు తినే చేప మాయమైంది

బిచిర్ మింగేసింది, అంతే. కంటిచూపు తక్కువైనా రాత్రిపూట వాసన పట్టి వెతుకుతుంది, నోట్లో పట్టేది ఏదైనా దానికి తిండే. నాచు తినే బుల్లి చేప ఓటోసింక్లస్, చెర్రీ రొయ్యలు వేయడం డబ్బు దండగ. సయామీస్ ఆల్గీ ఈటర్ పొడుగ్గా ఉన్నా ఒళ్ళు సన్నం, పెద్ద బిచిర్‌కి జారిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం బుల్లి సక్కర్లు, బ్రిసిల్‌నోస్ (సక్కర్‌లో చిన్న రకం) పిల్లలు. వాటి రెక్కల ముళ్ళు విచ్చుకుని గొంతులో ఇరుక్కుంటే రెండూ చస్తాయి. తోక బయటికి కనిపిస్తోంది కదా అని పట్టి లాగొద్దు, ముళ్ళు ఇంకా లోపలికి దిగుతాయి.

మరి ఏది వేయాలి?

సెనెగల్, డెల్హెజీ లాంటి చిన్న రకాలతో నాలుగంగుళాలు దాటిన బ్రిసిల్‌నోస్ ఒకటి చాలు. ఐదంగుళాల దగ్గర ఆగుతుంది, చేపల ఒంటి జోలికి సాధారణంగా పోదు. మీదేమో రెండడుగులు పెరిగే ఎండ్లిచెరీ రకం బిచిర్ అయితే ఈ సైజు బ్రిసిల్‌నోస్ కూడా దాని నోట్లో పడుతుంది, నాచు తినే చేప ఆలోచనే మానుకుని పాత ఏటీఎం కార్డుతో అద్దం గీకండి.

నిజానికి నాచు పట్టడానికి మూలం లైటు, మిగిలిపోయిన తిండి. బిచిర్‌కి వెలుగుతో పని లేదు, లైటు రోజుకి ఆరు గంటలే వెలిగేలా టైమర్ పెట్టండి. రాతి సందులో కుళ్ళుతున్న రొయ్య ముక్క ఉంటే పొద్దున్నే తీసేయండి. ఇంకా సాయం కావాలంటే నెరైట్ నత్తలు వేయండి, చాలా బిచిర్లు వాటిని వదిలేస్తాయి. చెక్క మీద తెల్ల చుక్కల్లా గుడ్లు పెడతాయి గానీ మంచినీళ్ళలో అవి పిల్లలు కావు.