ఎత్తు మీద హిల్ అసిస్ట్ ఇచ్చే ఆ రెండు సెకన్లు ఎలా వాడుకోవాలి

పోయిన నెల మా చెల్లి కొత్త కారు తీసుకుంది, మాన్యువల్ పెట్రోల్ బండి. డెలివరీ ఇచ్చేటప్పుడు షోరూమ్ అబ్బాయి "మేడమ్ దీన్లో హిల్ అసిస్ట్ ఉంది, ఎత్తు మీద బండి అస్సలు వెనక్కి రాదు" అని చెప్పాడట. వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు బాగా నిటారుగా ఉంటుంది, పైకొచ్చాక వాచ్‌మన్ గేటు తీసేదాకా ర్యాంపు మీదే ఆగాలి. మొదటి రోజే అక్కడ ఆపింది, గేటు తెరుచుకోగానే బ్రేకు మీద నుంచి కాలు తీసింది, బండి నిజంగానే కదలకుండా నిలబడింది, సరే పట్టుకుంది కదా అని అద్దం సర్దుకుంటూ ఉంటే ఒక్కసారిగా వెనక్కి జారడం మొదలైంది. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే కింద ఆడుకునే పిల్లలు ఉంటారు అక్కడ. రాత్రి ఫోన్ చేసి "అన్నయ్యా, బండిలో ఏదో ఫాల్ట్ ఉంది, సర్వీసుకి ఇవ్వాలా" అని అడిగింది.

ఫాల్ట్ ఏం లేదు. ఆ ఫీచర్ చేసే పనే అంత. రెండు సెకన్లు, కొన్ని బండ్లలో మూడు దాకా పట్టుకుంటుంది, తర్వాత వదిలేస్తుంది. ఈ ముక్క అమ్మేవాళ్ళు చెప్పరు, కొనేవాళ్ళు అడగరు, అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నా.

పాత రోజుల్లో ఘాట్ రోడ్డు మీద లోడు లారీ ఆగితే క్లీనర్ గబుక్కున దూకి వెనక టైరు కింద చెక్క మొద్దు పెట్టేవాడు, డ్రైవర్ గేరు వేసి బండి ముందుకి లాగగానే మొద్దు తీసుకుని పరిగెత్తి ఎక్కేవాడు. హిల్ అసిస్ట్ అంటే ఆ క్లీనరే అనుకోండి, కాకపోతే ఈయన రెండు సెకన్లే మొద్దు పెడతాడు, మీరు లాగినా లాగకపోయినా తీసేస్తాడు.

అసలు రెండు సెకన్లతో ఏం ఒరుగుతుంది అంటే, చిన్న లెక్క చూడండి. పది మీటర్లు ముందుకి వెళ్తే ఒక మీటరు పైకి లేచే ఎత్తు అనుకుందాం, మనుషులతో కలిపి బండి 1200 కిలోలు ఉంటే దాన్ని వెనక్కి లాగే బలం సుమారు 120 కిలోలు. బ్రేకు వదిలాక మొదటి సెకనులో బండి దగ్గర దగ్గర అర మీటరు జారుతుంది, రెండో సెకను అయ్యేసరికి మీటరున్నర దాటేస్తుంది. కుడి కాలు బ్రేకు మీద నుంచి తీసి యాక్సిలేటర్ మీద పెట్టి ఇంజన్ అందుకునేలోపు కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి ఒక సెకను ఈజీగా పోతుంది. మన ట్రాఫిక్‌లో వెనక బైకు ఎంత దూరంలో ఆగుతుందో మీకు తెలుసు, అర మీటరు కూడా వదలడు. కాలు మార్చే ఆ ఖాళీలో బండిని పట్టుకోవడం, అదొక్కటే దీని ఉద్యోగం.

లోపల ఏం జరుగుతుందంటే, బండి స్కిడ్ అవ్వకుండా చూసే ఈఎస్‌సీ అని ఒక సిస్టమ్ ఉంటుంది కదా, కొన్ని కంపెనీలు ఈఎస్‌పీ అంటాయి, దాని సెన్సర్లూ వాల్వులే దీనికీ పనికొస్తాయి. బండి ముక్కు పైకి ఉందా కిందికి ఉందా అన్నది ఒక సెన్సర్ చెబుతుంది, చక్రాలు పూర్తిగా ఆగాయని వీల్ సెన్సర్లు చెబుతాయి, క్లచ్ తొక్కారా, ఏ గేరులో ఉన్నారు అన్నదీ కంప్యూటర్‌కి తెలుస్తుంది. ఇవన్నీ కుదిరితే మీరు బ్రేకు వదిలిన క్షణంలో వాల్వులు మూసేసి, మీ కాలు తొక్కిన ప్రెషర్‌ని బ్రేక్ ఆయిల్ లైన్లలోనే బంధించేస్తుంది. కాలు తీసినా చక్రాల దగ్గర బ్రేకు పట్టే ఉంటుంది. ఇంజన్ నుంచి చక్రాలకి సరిపడా లాగుడు వచ్చిందని లెక్క తేలగానే వాల్వులు మెల్లగా తెరిచి వదులుతుంది, అందుకే కుదుపు ఉండదు.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే చాలా బండ్లలో అది సొంతంగా బ్రేకు తొక్కదు, మీరు తొక్కినదాన్నే దాచిపెడుతుంది. మీరు కాలి వేలితో తాకీ తాకనట్టు తొక్కి వదిలితే దాచడానికి ప్రెషర్ ఏముంటుంది? "మా బండిలో ఒకసారి పనిచేస్తుంది ఒకసారి చేయదు" అనేవాళ్ళలో చాలామంది సంగతి ఇదే. ఆగేటప్పుడు, ముఖ్యంగా కదలబోయే ముందు, బ్రేకు గట్టిగా ఒక నొక్కు నొక్కండి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో స్టూడిబేకర్ కంపెనీ 1936లోనే హిల్ హోల్డర్ అని పెట్టింది, అందులో కంప్యూటర్ లేదు గాని చిన్న స్టీలు గోళీ ఉండేది, బండి ముక్కు పైకి లేస్తే గోళీ వెనక్కి దొర్లి బ్రేక్ ఆయిల్ దారి మూసేది, క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ బ్రేకు అలాగే ఉండేది, క్లచ్ వదిలితే దారి తెరుచుకునేది. ఎంత చక్కటి బుర్రో చూడండి.

సరే, ఇప్పుడు మాన్యువల్ బండి ఎలా లేపాలో చెప్తా. ఎత్తు మీద ఆగారు, ఎడమ కాలు క్లచ్ పూర్తిగా తొక్కి ఉంది, కుడి కాలు బ్రేకు మీద గట్టిగా ఉంది, ఫస్ట్ గేరు వేయండి. న్యూట్రల్‌లో ఉంటే చాలా బండ్లలో హిల్ అసిస్ట్ పట్టుకోదు, కాబట్టి గేరు ముందే పడాలి. ఇప్పుడు బ్రేకు వదలకుండానే క్లచ్ మెల్లగా పైకి తీయండి, ఒక చోట ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, స్టీరింగ్‌లో సన్నగా వణుకు తెలుస్తుంది, ముక్కు కొంచెం లేచినట్టు అనిపిస్తుంది, దాన్నే హాఫ్ క్లచ్ అంటాం. ఎడమ కాలు అక్కడే ఆపేయండి. అప్పుడు బ్రేకు వదిలి కుడి కాలు యాక్సిలేటర్ మీదకి తెచ్చి మెల్లగా రేజ్ ఇవ్వండి, చిన్న పెట్రోల్ బండి అయితే ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీటర్లో 1500 నుంచి 2000 మధ్య వచ్చేలా, ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను ఉంటే ఇంకొంచెం ఎక్కువ. బండి కదిలాక కూడా క్లచ్ టక్కున వదలొద్దు, ఒక బండి పొడవు వెళ్ళేదాకా మెల్లగా వదలండి.

క్లచ్ ముందు, బ్రేకు తర్వాత. చాలామంది తారుమారు చేసేది ఇక్కడే, బ్రేకు వదిలాక హాఫ్ క్లచ్ వెతుకుతారు, ఉన్న రెండు సెకన్లూ ఆ వెతుకులాటకే పోతాయి, టైమ్ అయిపోతోందని కంగారులో క్లచ్ వదిలేస్తారు, ఇంజన్ ఆగిపోతుంది. హాఫ్ క్లచ్ దొరికాకే బ్రేకు వదిలితే ఆ రెండు సెకన్లు మీకు చాలా ఎక్కువ అనిపిస్తాయి.

ఒకవేళ టైమ్ దాటి బండి జారడం మొదలైతే రేజ్ పెంచి దాన్ని ఆపే ప్రయత్నం చేయకండి, క్లచ్ బ్రేకు రెండూ తొక్కేయండి, అంతే. బండి ఆగుతుంది, మళ్ళీ బ్రేకు వదిలితే హిల్ అసిస్ట్ మళ్ళీ మొదటి నుంచి లెక్క పెడుతుంది. ఇంజన్ ఆగిపోయినా ముందు బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, తర్వాతే స్టార్ట్ చేయండి. ఇంజన్ ఆగినప్పుడు బ్రేకుని పదే పదే పంపు కొట్టినట్టు కొట్టొద్దు, ఒకటి రెండు తొక్కుళ్ళ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడిపోతుంది, ఒకే తొక్కుడు తొక్కి పట్టి ఉంచండి. వెనక హారన్ కొట్టేవాడు కొడతాడు, కొట్టనివ్వండి.

హిల్ అసిస్ట్ ఉన్నా హ్యాండ్ బ్రేక్ పద్ధతి నేర్చుకుని తీరాలి అని నేను గట్టిగా చెప్తాను. రేపు మీ మామయ్య పాత బండి నడపాల్సి రావచ్చు, అద్దెకి తీసుకున్న బండిలో ఆ ఫీచర్ ఉండకపోవచ్చు. పద్ధతి అదే, బ్రేకు బదులు హ్యాండ్ బ్రేక్ పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, ఫస్ట్ గేరు వేసి, కాస్త రేజ్ ఇస్తూ హాఫ్ క్లచ్‌కి తీసుకురండి, బండి ముందుకి ఉరకాలని చూస్తున్నట్టు తెలుస్తుంది, అప్పుడు బటన్ నొక్కి హ్యాండ్ బ్రేక్ దించండి. మా నాన్నగారు శ్రీశైలం ఘాట్‌లో, అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్ళేటప్పుడు ఇలాగే లేపేవారు, బండి ఒక్క అంగుళం వెనక్కి వచ్చేది కాదు.

ఇంకో చెడ్డ అలవాటు, జూబ్లీహిల్స్ ఎత్తుల మీద సిగ్నల్ దగ్గర రోజూ చూస్తుంటా, బ్రేకు వదిలేసి హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టి ముందుకీ వెనక్కీ ఊగుతుంటారు. చూడ్డానికి మంచి కంట్రోల్‌లా ఉంటుంది గాని లోపల క్లచ్ ప్లేటు కాలిపోతుంటుంది, కాసేపటికి మాడు వాసన వస్తుంది. సిగ్నల్ పడితే హ్యాండ్ బ్రేక్ లాగి న్యూట్రల్ చేసి కూర్చోండి, గ్రీన్ పడే ముందు గేరు వేసుకోవచ్చు.

ఆటోమేటిక్ వాళ్ళకి పని తక్కువే కానీ కొంచెం తెలుసుకోవాలి. టార్క్ కన్వర్టర్ బండ్లు, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా లాగుడు అందించే ఆటోమేటిక్‌లు, బ్రేకు వదిలితే వాటంతట అవే ముందుకి పాకుతాయి, చిన్న ఎత్తులకి అదే సరిపోతుంది. ఏఎంటీ అలా కాదు, లోపల ఉన్నది మాన్యువల్ క్లచ్చే, మన కాలి బదులు మెషిన్ తొక్కుతుంది, కాబట్టి హిల్ అసిస్ట్ లేని పాత ఏఎంటీ బండ్లు ఎత్తు మీద బాగానే వెనక్కి వస్తాయి, వాటికి హ్యాండ్ బ్రేకే దిక్కు. ఏఎంటీ అయినా, రెండు క్లచ్‌లుండే డీసీటీ ఆటోమేటిక్ అయినా యాక్సిలేటర్ సగం తొక్కి బండిని ఎత్తు మీద నిలబెట్టొద్దు, క్లచ్ వేడెక్కిపోతుంది. కరెంటు బండ్లలో మోటార్ సున్నా స్పీడు నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది, వాటితో ఈ బాధ చాలా తక్కువ.

ఆటో హోల్డ్ అనేది వేరే ఫీచర్, ఈ రెండూ కలిపేసుకోకండి. ఆటో హోల్డ్ బటన్ నొక్కి ఉంటే మీరు యాక్సిలేటర్ తొక్కేదాకా పట్టుకునే ఉంటుంది, చదునుగా ఉన్న రోడ్డు మీద కూడా. అది ఎక్కువగా ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండ్లలో వస్తుంది, ఎందుకంటే మీరు బెల్టు తీసినా డోర్ తెరిచినా ఆ పని పార్కింగ్ బ్రేక్‌కి అప్పజెప్పగలదు. హిల్ అసిస్ట్‌కి అలా అప్పజెప్పడానికి వెనక ఎవరూ లేరు, అందుకే కావాలనే టైమ్ పెట్టి వదిలేస్తారు. బండి నిలబడింది కదా అని దిగి గేటు తీయడానికి వెళ్ళారంటే మీరు రెండో అడుగు వేసేలోపు బండి జారుతుంది. దయచేసి ఆ పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

పేర్లతో కన్‌ఫ్యూజ్ అవ్వకండి, మారుతి హిల్ హోల్డ్ అసిస్ట్ అంటుంది, హ్యుందాయ్, టయోటా హిల్ స్టార్ట్ అసిస్ట్ కంట్రోల్ అంటాయి, హోండా హిల్ స్టార్ట్ అసిస్ట్ అంటుంది, అన్నిటి పనీ ఇదే. హిల్ డీసెంట్ కంట్రోల్ మాత్రం వేరు, అది దిగేటప్పుడు స్పీడు పెరగకుండా చూసేది. కొనేటప్పుడు బ్రోచర్‌లో మీ వేరియంట్‌కి ఈఎస్‌సీ ఉందో లేదో చూడండి, అది ఉంటే ఎక్కువ శాతం ఇదీ ఉంటుంది.

రివర్స్‌లో కూడా పనిచేస్తుందని చాలామందికి తెలీదు. ముక్కు కిందికి ఉండి, రివర్స్ గేరు వేసి ఎత్తు ఎక్కాలంటే అప్పుడూ పట్టుకుంటుంది, సెల్లార్‌లో తప్పు దారిలో దిగి వెనక్కి రావాల్సి వస్తే ఇది చాలా ఉపయోగం. చదునుగా ఉన్న చోట, హ్యాండ్ బ్రేక్ లాగి ఉన్నప్పుడు, కొన్ని బండ్లలో డోర్ సరిగ్గా పడకపోయినా పనిచేయదు. మీటర్లో ఏబీఎస్ లైటో ఈఎస్‌సీ లైటో వెలిగే ఉంటే హిల్ అసిస్ట్ లేదనే అనుకుని నడపండి. బురద, తడి మట్టి మీద నమ్మొద్దు, అది చక్రం తిరక్కుండా ఆపగలదు గాని టైరు జారకుండా ఆపలేదు.

మీ బండి ఎన్ని సెకన్లు పట్టుకుంటుందో మీకే తెలియాలి, ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న చిన్న ఎత్తు చూసుకోండి, వెనక ఇరవై మీటర్లు ఎవరూ ఉండకూడదు. ఫస్ట్ గేరు, క్లచ్ పూర్తిగా తొక్కి, బ్రేకు గట్టిగా నొక్కి వదిలి, కాలు బ్రేకు మీదే గాల్లో ఉంచి మనసులో లెక్క పెట్టండి, జారడం మొదలవగానే తొక్కేయండి. నాలుగైదు సార్లు చేస్తే ఆ టైమ్ ఒంటికి పట్టేస్తుంది. మా చెల్లితో ఇదే చేయించా, తర్వాత ఇరవై సార్లు అదే ఎత్తు మీద ఆపి లేపించా, మొదటి ఆరుసార్లు ఇంజన్ ఆగింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు.

చివరగా ఎదుటి బండి సంగతి. మీకు హిల్ అసిస్ట్ ఉంది, మీ ముందున్న ఆటోకి లేదు, లోడు లారీ అయితే అడుగో రెండడుగులో వెనక్కి వచ్చే లేస్తుంది. ఎత్తు మీద ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మీ సీటులోంచి కనపడేంత దూరం వదలండి, లారీ అయితే ఇంకో బండి పొడవు వదలండి, మధ్యలో బైకులు దూరితే దూరనివ్వండి.